పుట్టగొడుగు విషం కణితికి అతుక్కుంటుందట, అయితే ఏంటి?

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి దగ్గర ఒక ఊరు. మా తమ్ముడికి 31 ఏళ్లు. ఒకవైపు వృషణంలో గట్టిగా ఏదో తగులుతోందని ఆర్నెల్లు ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. ఛాతీ కూడా కాస్త పెరిగితే జిమ్ మానేశాడు కదా, కొవ్వేలే అనుకున్నాం. స్కానింగ్‌లో 2 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. గజ్జల్లోంచి ఆపరేషన్ చేసి ఆ వృషణం తీసేశారు. ముక్క పరీక్షలో "లీడిగ్ సెల్ ట్యూమర్" అని వచ్చింది. చాలా అరుదైనదట, క్యాన్సర్ లక్షణాలు మాత్రం కనిపించలేదని రాశారు. ఇప్పుడు మా మేనమామ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. నల్లటి వెనకాల పచ్చగా మెరిసే దారాల్లాంటివి, కింద "వృషణ కణితి కణాలకు పుట్టగొడుగు విషం అతుక్కుంటుందని ల్యాబ్‌లో రుజువైంది" అని ఉంది. ఆయనే ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో పుట్టగొడుగు చుక్కలని ఒక సీసా తెప్పించాడు. తమ్ముడు మూడు రోజులుగా రోజుకి 10 చుక్కలు వేసుకుంటున్నాడు. నాన్న పోయాక మమ్మల్ని చూసుకుంది మామయ్యే, ఆయన మాట కాదనలేం. అవి నిజంగా పనిచేస్తాయా? మేం పుట్టగొడుగులు బాగా తింటాం, దానివల్లే ఇది వచ్చిందా? మాఘంలో పెళ్లి అనుకుంటున్నాం, పిల్లలు పుడతారా? – ఒక అక్క

జవాబు:

ముందు ఆ చుక్కలు ఆపించండమ్మా. ఈ పూటే. మిగతాది ఆపించాక వచ్చి చదవండి, తొందరేం లేదు.

ఆపాక ఇంకో పని. సీసా పారేయకండి, దాని డబ్బా, లోపల కాగితం ఏదైనా ఉంటే అదీ కలిపి కవర్లో పెట్టి, తమ్ముణ్ని ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికో దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గరికో ఇవాళే తీసుకెళ్లండి. "ఏముందో తెలియని పుట్టగొడుగు మందు మూడు రోజులు వేసుకున్నాడు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, వాళ్లు ఇలాంటివి రోజూ వింటారు. లివర్ ఫంక్షన్ టెస్ట్, కిడ్నీకి క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ ఐఎన్ఆర్, ఈ మూడూ ఒకసారి చేయించమని అడగండి. డాక్టరు చెబితే రెండు రోజులాగి మళ్లీ చేయించండి. వాంతులు, విరేచనాలు, కళ్లు పచ్చబడటం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్లు అవీ పెట్టుకోకుండా నేరుగా క్యాజువాల్టీకి.

మిమ్మల్ని భయపెట్టాలని కాదు. ఆ సీసాలో నిజానికి ఏమీ ఉండకపోవచ్చు. పలచన చేసిందాన్నే మళ్లీ మళ్లీ పలచన చేసి అమ్మే చుక్కలైతే అందులో ఉండేది నీళ్లో ఆల్కహాలో, పోయింది డబ్బు మాత్రమే. అలా కాకుండా ఎవడో నిజంగానే విషపు గొడుగును నానబెట్టి సీసాలో పోశాడనుకోండి, అప్పుడు పోయేది లివర్. మొదటి రకమైతే అందులో మందు లేదు, రెండో రకమైతే అది మందే కాదు. మన తమ్ముడికి పనికొచ్చే మూడో రకం ఉందా అంటే, లేదు.

ఇక ఆ ఫొటో సంగతి. మీరు వర్ణించిన తీరు చూస్తే అదేంటో నాకు దాదాపు తెలిసిపోయింది, ఎందుకంటే అలాంటి ఫొటోలు నేను నాలుగేళ్లు తీశాను. పెళ్లికి ముందు ఒక ల్యాబ్‌లో నా ఉద్యోగమే అది. ఆ పచ్చదనం ఫల్లాయిడిన్ అనే పదార్థానిది. డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగులో ఉండే విషాల్లో అదొకటి. కాబట్టి ఫార్వర్డ్‌లో "పుట్టగొడుగు విషం" అన్నమాట నిజమే. "అతుక్కుంటుంది" అన్నదీ నిజమే. రెండు నిజాలు పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక అబద్ధాన్ని కూర్చోబెట్టారు, అంతే.

అది ఎలా చేస్తామో చెప్తాను, చెప్తే మీకే అర్థమవుతుంది. చిన్న గాజు పలక మీద కణాల్ని పెంచుతాం. తర్వాత ఫార్మాల్డిహైడ్ పోసి వాటిని ఉన్నచోట ఉన్నట్టు బిగబెట్టేస్తాం. అంటే చంపేస్తాం. పైపొరకు డిటర్జెంట్‌తో కన్నాలు పెడతాం. అప్పుడు ఫ్రీజర్‌లోంచి ఒక బుల్లి సీసా బయటికి వస్తుంది, మిథనాల్‌లో కరిగించిన ఫల్లాయిడిన్, దానికి మెరిసే రంగు ముందే తగిలించి ఉంటుంది. ఖరీదు ఎక్కువ, అందుకని ల్యాబ్‌లో ఆ సీసా దగ్గర చేతులు కాస్త వణుకుతాయి. ఒక్కో గాజు పలకకు 5 మైక్రోలీటర్లు, అంటే చుక్కలో ఎన్నో వంతు. చీకట్లో 20 నిమిషాలు ఉంచి, కడిగి, మైక్రోస్కోప్ కింద పెట్టి నీలిరంగు వెలుగు వేస్తే, నల్లటి చీకట్లో కణం మొత్తం పచ్చటి తీగలతో అల్లిన బుట్టలా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను అన్నానికి వెళ్లడం మర్చిపోయాను. అందంగా ఉంటుంది, అందుకే ఇలాంటి ఫొటోలు ఫార్వర్డులకు దొరికిపోతాయి.

ఆ తీగలు యాక్టిన్ అనే ప్రోటీన్‌వి. పందిరికి రాటలు, వాసాలు ఎలాగో కణానికి యాక్టిన్ అలాగ. ఫల్లాయిడిన్ అతుక్కునేది ఆ యాక్టిన్ తీగకు. కణితికి కాదు. యాక్టిన్ మీ తమ్ముడి కణితిలో ఉంది, మీ చర్మంలో ఉంది, నా గుండెలో ఉంది, ఇవాళ మీరు వండిన కోడికూరలోని కండలో బోలెడంత ఉంది. గోరింటాకు పెట్టుకుంటే చెయ్యి పండుతుంది కదా, మంచివాళ్ల చెయ్యా చెడ్డవాళ్ల చెయ్యా అని అది చూడదు. ఇదీ అంతే. కణితి కణాల మీద వేశారు కాబట్టి కణితి కణాలు మెరిశాయి. మామయ్య బుగ్గ లోపల గీకి తీసిన కణాల మీద వేస్తే అవీ మెరుస్తాయి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. కొత్తలో నేను ఒకసారి ఫార్మాల్డిహైడ్ బదులు మిథనాల్‌తో కణాల్ని బిగబెట్టాను, తొందర్లో. మధ్యాహ్నం దాకా మైక్రోస్కోప్ ముందు కూర్చున్నా అంతా నలుపే. మా సీనియర్ వచ్చి చూసి నవ్వింది. మిథనాల్‌కి యాక్టిన్ తీగ ఆకారం చెడిపోతుంది, ఆకారం చెడితే ఫల్లాయిడిన్ పట్టదు, ఖరీదైన చుక్కలు సింక్‌లో పోసినట్టే. అంత ఏర్పాటు చేస్తే గానీ జరగని పని అది. గ్లాసు నీళ్లలో 10 చుక్కలు వేసుకుంటే కడుపులోంచి వెతుక్కుంటూ వెళ్లి గడ్డను పట్టుకుంటుందంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

పైగా బతికున్న కణంలోకి ఫల్లాయిడిన్ మామూలుగా వెళ్లనే వెళ్లలేదు. మేం డిటర్జెంట్‌తో కన్నాలు పెట్టేది అందుకే. దాన్ని తలుపు తీసి లోపలికి పిలిచే కణాలు ముఖ్యంగా లివర్‌వి, పైత్యరసం తాలూకు పదార్థాల్ని రక్తంలోంచి లాక్కునే రవాణా ప్రోటీన్లు వాటి మీద ఉంటాయి, వాటి గుండా ఇదీ దూరిపోతుంది. కాబట్టి అది ఒంట్లోకి చేరిందే అనుకుందాం, మొదట దెబ్బ తినేది లివరే, వృషణం కాదు. నోటి ద్వారా వెళ్తే పేగులోంచి రక్తంలోకి పెద్దగా ఎక్కదు కూడా, అందుకే ఆ గొడుగు తిన్నవాళ్లను చంపేది ఫల్లాయిడిన్ కాదు.

చంపేది దాని చుట్టం, ఆల్ఫా అమానిటిన్. అదే గొడుగులో ఉంటుంది. మన కణాల్లో జన్యువుల రాతను చదివి కాపీ తీసే యంత్రం ఒకటుంది, ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 2 అంటారు. అమానిటిన్ వెళ్లి దానికి అతుక్కుంటుంది. ఇక్కడ కూడా "అతుక్కోవడమే" చూడండి. యంత్రం ఆగుతుంది, కొత్త ప్రోటీన్లు తయారు కావు, లివర్ కణాలు చనిపోతాయి. కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము చాలు మనిషిని చంపడానికి, అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు, అది ఒక పెద్ద గొడుగులోనే ఉండొచ్చు. వండినా పోదు, ఎండబెట్టినా పోదు. అన్నిటికన్నా పాడు గుణం ఏంటంటే తిన్న వెంటనే ఏమీ అనిపించదు. ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, మనిషి మామూలుగా తిరుగుతాడు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒక రోజయ్యాక తగ్గిపోయినట్టు అనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు, సరిగ్గా అప్పుడే లోపల లివర్ పోతూ ఉంటుంది. మూడు రోజులుగా ఏమీ కాలేదుగా అని మామయ్య అంటే ఈ ముక్క చెప్పండి.

2023లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఒక ఇంట్లో భోజనానికి వెళ్లి ముగ్గురు చనిపోయారని వార్తల్లో చూసి ఉంటారు, అది ఈ గొడుగే. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు వండుకు తిని 13 మంది పోయారు, ఎక్కువమంది టీ తోటల్లో పనిచేసే కుటుంబాలవాళ్లు.

ఇంతటి విషాన్ని ల్యాబ్‌లో ఎందుకు పెట్టుకున్నారు అంటే, దానిదో పెద్ద కథ, కొంచెమే చెప్తాను. 1937లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఫియొడోర్ లైనెన్, ఉల్రిక్ వీలాండ్ అనే ఇద్దరు ఫల్లాయిడిన్‌ను స్ఫటికాలుగా విడదీశారు. అక్కడి గురువు హైన్రిక్ వీలాండ్, అప్పటికే 1927లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చినాయన. లైనెన్ ఆ 1937లోనే ఆయన కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు, తర్వాత 1964లో వేరే పనికి నోబెల్ కూడా తెచ్చుకున్నాడు. మామా అల్లుళ్లు ఇద్దరికీ నోబెల్! అమానిటిన్‌ను కూడా హైన్రిక్ వీలాండ్ బృందమే 1941లో విడదీసింది. ఆయన కొడుకు టియోడోర్ వీలాండ్ హైడెల్‌బర్గ్‌లో దశాబ్దాల పాటు ఈ విషాల మీదే కూర్చున్నాడు, ఫల్లాయిడిన్‌కు మెరిసే రంగు తగిలించి కణంలో యాక్టిన్‌ను చూడొచ్చని 1979లో చూపించిన బృందంలో ఆయనా ఉన్నాడు. అప్పటినుంచి అది ప్రతి కణశాస్త్ర ల్యాబ్‌లో ఉండే రంగు. మళ్లీ చెప్తున్నా, రంగు. మందు అని ఆ బృందం కూడా అనలేదు.

మరి వృషణం మీద ఆ రంగు ఎందుకు వేస్తారు? వీర్యకణాలు తయారయ్యే సన్నటి గొట్టాల్లో సెర్టోలి కణాలని ఉంటాయి, ఇంటర్‌లో జువాలజీ చదివినవాళ్లకు గుర్తుంటుంది. అవి ఎదిగే వీర్యకణాల్ని దాదిలా పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు ఉన్నచోట యాక్టిన్ కట్టలు కట్టలుగా ఉంటుంది. రక్తంలోని పదార్థాలు లోపలికి రాకుండా ఆ కణాలు ఒకదానికొకటి కలిసి గోడ కట్టేచోటా అంతే. ఆ గోడ ఎలా కట్టుకుంటుంది, ఎప్పుడు సడలుతుంది, వీర్యకణం ఎప్పుడు విడిపోతుంది అని చూడటానికి ఫల్లాయిడిన్ కన్నా మంచి సాధనం లేదు. కణితి కణాల మీద కూడా వేస్తారు. ఎలుక లీడిగ్ కణితిలోంచి తీసి ల్యాబ్‌లో పెంచుకుంటున్న ఎంఏ-10 అనే కణాలున్నాయి, 1980ల మొదటినుంచీ ప్రపంచమంతా వాడుతున్నారు. హార్మోన్ తగిలితే ఆ కణాల ఆకారం, లోపలి తీగల అమరిక ఎలా మారతాయో చూస్తారు. మీ మామయ్య పంపిన ఫొటోలో ఉన్నది మనిషి కణితేనా, ఎలుకదా, అసలు వృషణానిదేనా అన్నది కూడా ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు, ఫార్వర్డ్ చేసినవాళ్లకూ తెలియదు.

మీ ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది, చూపిస్తాను. తమ్ముడి ముక్క పరీక్ష రిపోర్టు తీయండి. రెండో పేజీలోనో చివర్లోనో ఐహెచ్‌సీ అని ఉండొచ్చు, దాని కింద "ఇన్‌హిబిన్ పాజిటివ్", "కాల్‌రెటినిన్ పాజిటివ్" లాంటివి. దాని అర్థం ఏంటి? ఇన్‌హిబిన్‌ను పట్టుకునే యాంటీబాడీని ఆ ముక్క మీద వేశారు, అతుక్కుంది, గోధుమరంగు వచ్చింది. అలా అతుక్కున్నందుకే ఇది లీడిగ్ కణితి, మామూలుగా వచ్చే రకం కాదు అని పెథాలజిస్టు ధైర్యంగా రాయగలిగాడు. ఎంత ఉపయోగమో చూడండి. కానీ ఆ యాంటీబాడీని సీసాలో పోసి తమ్ముడికి తాగిద్దామని ఎవరైనా అన్నారా? అతుక్కోవడం గుర్తుపట్టడానికి పనికొస్తుంది. నయం చేయడం దానికి చాలా దూరం.

దూరం అంటే ఎంత దూరమో కూడా చెప్పాలి, లేకపోతే నేను సైన్సును తీసిపారేస్తున్నాననుకుంటారు. విషం మందు కావడం అబద్ధం కాదు. వృషణ క్యాన్సర్ విషయంలోనే దానికి గొప్ప ఉదాహరణ ఉంది. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా ఉన్న నీళ్లలోకి కరెంటు పంపిస్తే అవి విభజన ఆపేశాయి. తీరా చూస్తే కారణం కరెంటు కాదు, ప్లాటినం కడ్డీలోంచి కరిగిన పదార్థం. తర్వాత ఎలుకల కణితుల మీద, ఆ తర్వాత మనుషుల మీద పరీక్షలు. మొదట్లో కిడ్నీలు పాడయ్యాయి, ఆగని వాంతులు. నీళ్లు ఎక్కించి ఎలా ఇవ్వాలో నేర్చుకున్నారు. 1974లో ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ ఇంకో రెండు మందులతో కలిపి ఇస్తే ఊపిరితిత్తుల దాకా పాకిన వృషణ క్యాన్సర్ మాయమైంది. 1978లో అనుమతి వచ్చింది. అదే సిస్‌ప్లాటిన్. 13 ఏళ్లు పట్టింది, మధ్యలో ప్రతి మెట్టు దగ్గరా డోసు ఎంత, ఎవరికి, ఏం పాడవుతోంది అని లెక్కలు రాసుకుంటూ వచ్చారు.

యువరాజ్ సింగ్ గుర్తున్నాడు కదా. ఛాతీలో ఆయనకు వచ్చిన సెమినోమా మామూలు వృషణ క్యాన్సర్ల కుటుంబంలోదే. 2012లో ఇండియానాపొలిస్ వెళ్లి చూపించుకున్నది ఈ ఐన్‌హార్న్ దగ్గరే. ఆ సెప్టెంబర్‌లో విశాఖలో న్యూజిలాండ్‌తో మ్యాచ్‌లో మళ్లీ ఆడతాడని జనం ఎదురుచూస్తే వాన కుమ్మేసింది, ఒక్క బంతి పడలేదు, మూడు రోజులాగి చెన్నైలో దిగాడు. ఆయన్ను నిలబెట్టింది ఆ లెక్కలు రాసుకున్న విషం.

అమానిటిన్ మీద కూడా ఇప్పుడు అలాంటి పనే నడుస్తోంది. క్యాన్సర్ కణం మీద మాత్రమే ఎక్కువగా ఉండే ఒక గుర్తును పట్టుకునే యాంటీబాడీకి ఈ విషాన్ని గొలుసులా కట్టి పంపుతారు, విషం ఆ కణం లోపలికి వెళ్లాకే విడిపోవాలి, దారిలో లివర్‌ను తాకకూడదు. జర్మనీలోని ఒక కంపెనీ మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ రోగుల మీద 2022లో ఇలాంటి దాని పరీక్షలు మొదలుపెట్టింది. హాస్పిటల్లో, రక్త పరీక్షలు చేస్తూ, డోసు కొంచెం కొంచెం పెంచుతూ ఇస్తారు. అది మైలోమాకు, లీడిగ్ కణితికి కాదు. అలాంటి ట్రయల్‌లో రోగికి ఇచ్చేదానికీ కొరియర్‌లో వచ్చిన మీ సీసాకూ చుట్టరికం లేదు.

సరే, ఇప్పుడు తమ్ముడి గురించి. వృషణాల్లో వచ్చే కణితుల్లో 95 శాతం వీర్యకణాలుగా మారాల్సిన బీజకణాల్లోంచి వస్తాయి. లీడిగ్ కణితి ఆ గుంపు కాదు, మొత్తంలో 1 నుంచి 3 శాతం. లీడిగ్ కణాల పని టెస్టోస్టిరాన్ తయారు చేయడం, కాబట్టి వాటిలో వచ్చిన గడ్డ హార్మోన్ల లెక్క తప్పిస్తుంది. ఛాతీ పెరిగింది అన్నారు చూడండి, అది కొవ్వు కాకపోవచ్చు, ఈస్ట్రోజన్ ఎక్కువై ఉండొచ్చు. గడ్డ తీశాక తగ్గే అవకాశం ఉంది, పూర్తిగా తగ్గకపోతే దానికి వేరే చిన్న ఆపరేషన్ ఉంది. గజ్జల్లోంచి తీశారన్నారు, అది సరైన పద్ధతి. వృషణపు సంచిని కోసో సూది గుచ్చో చేస్తే, ఒకవేళ అది క్యాన్సరైతే పాకే దారులు మారిపోతాయి, అందుకని పైనుంచి చేస్తారు.

పెద్దవాళ్లలో ఈ లీడిగ్ కణితులు 10 శాతం దాకా ప్రమాదకరమైనవి అవుతాయి, మిగతా 90 శాతం తీసేస్తే అయిపోతుంది. ఏది ఏదో పెథాలజిస్టు కొన్ని గుర్తులతో చూస్తాడు. 5 సెంటీమీటర్లు దాటిందా, కణాలు వేగంగా విభజన అవుతున్నాయా, మధ్యలో కుళ్లిన భాగం ఉందా, రక్తనాళాల్లోకి చొచ్చుకెళ్లిందా, అంచులు దాటి పాకిందా. మీవాడిది 2 సెంటీమీటర్లు, లక్షణాలు లేవని రాశారు. ఇది మంచి రిపోర్టమ్మా. దీన్ని పట్టుకుని సంతోషపడాల్సింది పోయి చుక్కలు వేసుకుంటున్నాడు! అయినా ఫాలో అప్ మానకూడదు. ప్రమాదకరమైన రకం అయితే అది కీమోకి, రేడియేషన్‌కి సరిగ్గా లొంగదు, సిస్‌ప్లాటిన్ మహిమ ఇక్కడ పెద్దగా చూపదు, కాబట్టి తిరిగొస్తే తొందరగా పట్టుకోవడమే దారి. ఎన్నాళ్లకోసారి స్కాన్, ఎప్పుడెప్పుడు హార్మోన్ పరీక్షలు అన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఇంకా, హాస్పిటల్ నుంచి ముక్క పరీక్ష స్లైడ్లు, ఆ ముక్కను దాచిపెట్టిన మైనం బ్లాకు అడిగి తీసుకుని వృషణ కణితులు ఎక్కువగా చూసే పెద్ద సెంటర్‌లోని పెథాలజిస్టుకు ఒకసారి చూపించండి. అరుదైన వాటికి రెండో కన్ను మంచిది. డబ్బు ఖర్చు పెట్టాలని మామయ్యకు ఉంటే దీనికి పెట్టమనండి.

ఆర్నెల్లు చెప్పలేదన్నారు. మన వైపు ఇది మామూలే. కింద వాపు కనిపిస్తే వరిబీజం అనుకుని, లేదా అనుకోడానికే సిగ్గుపడి, లుంగీ వదులుగా కట్టుకుని తిరిగేస్తారు. వరిబీజం నీటితో మెత్తగా ఉంటుంది, టార్చ్ వేస్తే వెలుతురు అవతలికి కనిపిస్తుంది. ఇది గట్టిగా, చాలామందిలో నొప్పి లేకుండా ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే తప్పు. ఈ ఉత్తరం చదివే మగవాళ్లు స్నానం చేసేటప్పుడు నెలకోసారి చూసుకోండి, అర నిమిషం పని.

పుట్టగొడుగులు తినడం వల్ల ఇది రాలేదు. మార్కెట్లో దొరికే బటన్, పాల పుట్టగొడుగులు, ఆయిస్టర్, వీటిలో ఈ విషాలు లేవు, వృషణ కణితికీ వీటికీ సంబంధం లేదు. తొలకరికి పుట్టల మీద లేచేవాటిని తరతరాలుగా గుర్తుపట్టి తెచ్చేవాళ్లు మీ ఊళ్లో ఉంటే అది వేరే సంగతి. కానీ గట్టు మీద కనిపించిన ప్రతిదీ కోసుకురావద్దు. మన పెద్దవాళ్లు కుక్కగొడుగులు అని వేరే పేరు పెట్టింది ఊరికే కాదు. వెండి చెంచా నల్లబడితే విషం, పురుగు కొరికితే మంచిది లాంటి పరీక్షలు నమ్మకండి, డెత్ క్యాప్‌ను పురుగులూ తింటాయి.

పెళ్లి. ఒక వృషణం బాగుంటే మామూలుగా హార్మోన్ సరిపోతుంది, పిల్లలూ పుడతారు. ఆ గడ్డ ఈస్ట్రోజన్ ఎక్కువ చేసి ఉంటే వీర్యకణాల లెక్క తాత్కాలికంగా పడిపోయి ఉండొచ్చు, కోలుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. కాబట్టి ఇప్పుడే పరీక్ష చేయించి తక్కువ వచ్చిందని బెంగపడొద్దు, ఎప్పుడు చేయించాలో యూరాలజిస్టును అడగండి. అమ్మాయికి చెప్పాలా అని మీరు అడగలేదు గానీ అడిగినట్టే ఉంది. చెప్పాలి. పెద్దవాళ్ల మధ్య మధ్యవర్తి ద్వారా కాదు, తమ్ముడే, రిపోర్టు చేతిలో పెట్టుకుని, ముహూర్తం పెట్టుకోకముందే. దాచిపెట్టి చేసిన పెళ్లిలో ఫాలో అప్ స్కాన్‌కి వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక అబద్ధం ఆడాలి, ఏళ్ల తరబడి.

మామయ్య దగ్గర "మీ మందు మోసం" అని మొదలుపెట్టకండి, ఆయన బిగుసుకుపోతాడు. ఆయనకున్నది భయం. అక్క కొడుక్కి ఏమైనా అవుతుందేమోనని ఏదో ఒకటి చేయాలి, చేతిలో ఫోనుంది, ఫోనులో అది కనబడింది. అందుకని ఆయన్నే డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి, సీసా ఆయన చేతికే ఇవ్వండి, అడగాల్సింది ఆయన్నే అడగనివ్వండి. డాక్టరు వద్దంటే ఆయన వింటాడు, మనం వద్దంటే మనం చిన్నపిల్లలం. ఇంటికొచ్చాక ఆ ఐహెచ్‌సీ పేజీ చూపించి, "మామయ్యా, ఇక్కడా ఏదో అతుక్కుందట, అది కూడా తెప్పిస్తావా" అని మీరు నవ్వుతూ అడగొచ్చు, ఆ చనువు మీకుంటే.

లివర్ టెస్ట్ ఏమొచ్చిందో నాకు రెండు ముక్కలు రాయండి. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఐఎన్ఆర్, మూడు అంకెలు చాలు.